ఒకసారి కట్టిన పన్ను రెండోసారి ఎందుకు కట్టాలి? - ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రి గారికి నమస్కారములు.

అమ్మా, విజయవాడ ఆటోనగర్‌లో నాదొక చిన్న వెల్డింగ్ షెడ్డు. లారీ బాడీలకు ఫ్రేములు, తలుపులు చేసిస్తాం. ఆఫీసులో అర్జీలు ఇచ్చాను, పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. ఎక్కడా జవాబు లేదు. అందుకే మీకే రాస్తున్నాను.

మేం కొనేదంతా ఇనుమే. యాంగిళ్లు, ఛానెళ్లు, షీట్లు. నాలుగు లక్షల సరుకు దించుకుంటే 18 శాతం లెక్కన 72 వేలు పన్ను. ఆ పన్నుతో సహా మొత్తం డబ్బు బ్యాంకు ద్వారా వ్యాపారికి కట్టేశాను. బిల్లు ఉంది, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు ఉంది, లారీ నంబరు రాసిన కాటా చీటీ కూడా దాచి ఉంచాను. కొనేముందు ఆయన జీఎస్టీ నంబరు పోర్టల్‌లో కొట్టి చూస్తే ‘యాక్టివ్’ అనే వచ్చింది. ఇంతకంటే నేనేం చూడాలి?

మూడేళ్లు గడిచాక నోటీసు వచ్చింది. ఆయన పన్ను జమ చేయలేదట. ఆయన జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ను, నేను కొన్న రోజుకంటే పాత తేదీ నుంచే రద్దు చేశారట. కాబట్టి నేను వాడుకున్న క్రెడిట్, అంటే ఇనుము కొన్నప్పుడు కట్టిన పన్నును నేను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకున్న మొత్తం, వెనక్కి కట్టాలట, ఏడాదికి 18 శాతం వడ్డీతో, ఆపైన జరిమానాతో. ఆ నోటీసైనా చేతికి రాలేదమ్మా. పోర్టల్‌లో ‘అడిషనల్ నోటీసెస్’ అనే మూల పడి ఉంది. రిటర్ను వేయడానికి నెలకోసారి లాగిన్ అయ్యే మా అకౌంటెంటు కంట పడేసరికి గడువు దాటిపోయి, ఆర్డరు కూడా వచ్చేసింది.

అమ్మినవాడు పన్ను జమ చేస్తేనే కొన్నవాడికి క్రెడిట్ అని జీఎస్టీ చట్టం సెక్షన్ 16 చెబుతోందని అధికారులంటున్నారు. అమ్మినవాడు డబ్బు ఎగ్గొడితే అతని ఖాతా ఆపే అధికారం, ఆస్తి జప్తు చేసే అధికారం మీకున్నాయి. నాకేముంది? ఆయన షట్టరు ముందు నిలబడి పన్ను కట్టావా అని అడిగితే, అసలు సమాధానం చెప్పాల్సిన అవసరం ఆయనకుందా? దొరికినవాడు నేను కాబట్టి నా దగ్గరే వసూలు చేస్తున్నారు.

అమ్మినవాడు రిటర్నులో చూపని బిల్లుల మీద కూడా, చూపిన బిల్లుల క్రెడిట్‌లో 20 శాతం దాకా వాడుకునే వెసులుబాటు మొదట్లో ఉండేది. అది 10 అయింది, తర్వాత 5 అయింది, 2022 జనవరి నుంచి అదీ పోయింది. పెద్ద కంపెనీలైతే ప్రతి బిల్లూ సరిచూసుకోవడానికి మనుషుల్ని పెట్టుకుంటాయి. మా దగ్గర ఆ పనీ నేనే, వెల్డింగూ నేనే. మా సరుకు కొన్నవాళ్లు మూడు నెలలకు గానీ డబ్బివ్వరు, మేం మాత్రం 20వ తేదీకల్లా పన్ను కట్టి తీరాలి. అప్పు తెచ్చయినా కడుతున్నాం.

అప్పీలుకు వెళ్లాలంటే వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే జమ చేయాలి, వకీలు ఫీజు వేరే. 2017లో జీఎస్టీ వచ్చింది. ఆ అప్పీళ్లు వినాల్సిన జీఎస్టీ ట్రిబ్యునల్ ప్రారంభమైంది 2025 సెప్టెంబరులో! అదే నెలలో చాలా వస్తువుల మీద రేట్లు తగ్గించారు, సంతోషం. మా ఇనుము మీద 18 శాతం మాత్రం అలాగే ఉంది. రేటు సంగతి నేను అడగడం లేదు. ఒకసారి కట్టిన పన్ను మళ్లీ కట్టమనకండి, అంతే.

బిల్లు, బ్యాంకు చెల్లింపు, సరుకు వచ్చిన రుజువు మూడూ ఉన్నవాడి జోలికి రాకుండా చట్టం సవరించండి. ముందు ఎగ్గొట్టినవాడిని పట్టుకోండి. రిజిస్ట్రేషన్ పాత తేదీ నుంచి రద్దు చేసినా, రద్దు ఆర్డరు రాకముందే నమ్మి కొన్నవాడి మీద ఆ భారం వేయకండి. నోటీసు తెలుగులో, పోస్టులో పంపించండి. దయచేసి జీఎస్టీ కౌన్సిల్ వచ్చే సమావేశంలోనే ఈ విషయం పెట్టండమ్మా.

ఇట్లు,
ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డు యజమాని