హాస్టల్లో ఆ పిల్లోని గురించి అడిగితివి కదా

చిన్నా,

మీ హాస్టల్లో అందరూ "ఆడంగి" అని ఏడిపించే పిల్లోడు ఇంతకీ ఏమై ఉంటాడని ఫోన్లో అడిగితివి. జేజి, పక్కింటోళ్లు అక్కడే కూర్చోనుంటే మాట్లాడలేకపోతిని. అందుకే రాస్తాండా.

ఆ పిల్లోడు ఎవరో నీకూ తెలీదు, నాకూ తెలీదు. నడక చూసి, గొంతు విని తేల్చే పని కాదది. ఒళ్లు ఎట్లాంటిది, లోపల తాను ఎవరనుకుంటాడు, ఎవరి మీద మనసు పోతుంది, లోకం వాని నుంచి ఏ పని, ఏ తీరు కోరుతుంది, ఇవన్నీ వేరువేరు. మనోళ్లు అన్నిటినీ ఒకే మూట కట్టి, ఒకటి చూస్తే మిగిలినవీ తెలిసిపోయినట్టే మాట్లాడతారు.

ఒంటి సంగతే చూడు. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది ఎక్స్ క్రోమోజోమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడబిడ్డ, వై వస్తే మగబిడ్డ. అయినా మూడో కాన్పులోనూ ఆడబిడ్డే పుట్టిందని కోడలి మొహం చూడకుండా వెనక్కి పోయే అత్తల్ని మా ఆస్పత్రి వార్డులో ఇప్పటికీ చూస్తాండా. అందరికీ ఈ లెక్క సరిపోదు కూడా. క్రోమోజోములు ఎక్స్, వై అయినా మగ హార్మోను ఒంటికి పట్టక పూర్తిగా ఆడపిల్లలాగే పెరిగేవాళ్లున్నారు. వయసొచ్చినా పెద్దమనిషి కాలేదని ఆస్పత్రికి తీసుకొచ్చినప్పుడే చాలామందికి ఆ సంగతి తెలుస్తుంది. ఆ బిడ్డను నువ్వు ఆడపిల్లవి కాదు పొమ్మంటామా?

మన ఆదోని పక్కనే సంతేకుడ్లూరు. హోళీకి అక్కడి మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకొని, తలలో పూలు ముడిచి రతీమన్మథుల గుడికి మొక్కు తీర్చుకోను పోతారు. గుబురు మీసాలున్న ఒకాయనకు పెండ్లామే కింద కూర్చొని కుచ్చిళ్లు సర్దుతాంటే చూసినా. ఒక్కరూ నవ్వలేదు. పండగైనాక చీర మడిచిపెట్టి చేనికి పోతారు. మొక్కుకైతే చీర గౌరవం, ఒక పిల్లోడు చేతులు తిప్పి మాట్లాడితే నగుబాటు. ఇదేం న్యాయం నాయనా?

ఇంకో సంగతి చెప్తా, మనసు గట్టి చేసుకొని చదువు. మన సీమలో కొడుకులు లేని ఇండ్లలో ఆడపిల్లను దేవుని పేరు మీద బసివినిగా వదిలేవాళ్లు. ఆస్తికి, తలకొరివికి ఆమె కొడుకు లెక్క. పెండ్లి మాత్రం లేదు, ఊరి మగవాళ్ల పాలు. అదే పిల్ల ఒకదానికి మగపిల్లోడు, ఇంకోదానికి ఆడది. ఇది ఆమె ఒంట్లో పుట్టిందా? మనుషులు తమ అవసరానికి పెట్టినారు. దాన్ని ఆపను 1988లో చట్టమే తేవాల్సి వచ్చింది.

ఇంక మనసు పోవడం. ఎక్కువమందిలో ఆడకు మగ మీద, మగకు ఆడ మీద పోతుంది. కొందరికి తమలాంటివాళ్ల మీదే, కొందరికి ఇద్దరి మీదా, కొందరికి ఎవరి మీదా పోదు. రోగం కాదది. తమలాంటివాళ్ల మీద మనసు పోవడాన్ని 1990లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో నుంచి తీసేసింది. ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య అది నేరమూ కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. తాను ఆడా, మగా, మూడో జెండరా అని చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని అంతకు ముందే, 2014లో చెప్పింది. రేపు నువ్వే నీ గురించి వచ్చి చెప్పినా నేను ఇదే మాట మీద ఉంటా. మీ నాయనకు నేను చెప్పుకుంటా.

ఆ పిల్లోని దగ్గరికి పోయి "నువ్వు ఏం?" అని అడగొద్దు. మెస్‌లో పక్కన కూర్చో, చాలు. తనంతట తాను ఏమన్నా చెప్తే నీ దగ్గరే పెట్టుకో, నాకూ చెప్పొద్దు. జెండర్ పేరుతో, లైంగికత పేరుతో ఏడిపించడం కూడా ర్యాగింగేనని యూజీసీ 2016లో నిబంధనల్లో చేర్చింది. రాత్రిపూట వాని రూము తలుపులు బాదేవాళ్ల పేర్లు వార్డెనుకు రాసివ్వు, కింద నీ సంతకం పెట్టు. ఆయన పట్టించుకోకపోతే ఫోన్ చెయ్యి, ఆదివారం మీ నాయనను తీసుకొని కర్నూలుకు నేనే వస్తా.

మీ అమ్మ