బేసిక్ ప్యాక్‌లో ఆ చానళ్లే ఎందుకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

కేబుల్ బిల్లు పెరిగినప్పుడల్లా గొడవంతా ధర గురించే జరుగుతుంది. ఆ డబ్బుకి ఏ చానళ్లు వస్తున్నాయి, అవే ఎందుకు వస్తున్నాయి అని అడిగేవాళ్లు తక్కువ. ఎవరూ అడగని షాపింగ్ చానల్, పేరు కూడా వినని పాటల చానల్ బేసిక్ ప్యాక్‌లో తిష్ట వేసుకుని ఉంటాయి. పిల్లలు అడిగిన కార్టూన్ చానల్‌కి మాత్రం అదనంగా కట్టాలి. ఇదంతా వీధిలో వైరు లాగే ఆపరేటర్ చేసే పని అనుకుని అతని మీద విరుచుకుపడతాం. ఆ జాబితాలో చాలా భాగం అతని చేతిలో ఉండదు.

కొన్ని చానళ్లు చట్టం వల్ల వస్తాయి. 1995 నాటి కేబుల్ టీవీ చట్టం ప్రకారం ప్రభుత్వం నోటిఫై చేసిన దూరదర్శన్, పార్లమెంటు చానళ్లు ఇచ్చి తీరాలి. దీనితో నాకు పేచీ లేదు. (తమాషా ఏమిటంటే, ముఖ్యమైన క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007లో చట్టం చేశారు. ఆ ప్రసారం ప్రైవేటు కేబుల్‌లో రాకూడదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మ్యాచ్ రోజున తిట్లు తినేది మాత్రం ఆపరేటరే.)

మిగతా ఉచిత చానళ్ల సంగతే అసలు చర్చించాల్సింది. వాటికి ఆదాయం ప్రకటనల నుంచి వస్తుంది. ఎన్ని ఇళ్లకు చేరితే ప్రకటనకు అంత రేటు. కాబట్టి మన ఇంట్లోకి రావడానికి అవే ఎంఎస్ఓలకు (వీధి ఆపరేటర్లకు సిగ్నల్ అందించే పెద్ద కేబుల్ సంస్థలకు) డబ్బు కడతాయి. పాత రోజుల్లో టీవీలో ముందు నంబర్లలో కనపడటానికి కట్టేవి, ఇప్పుడు క్యారేజ్ ఫీజు, అంటే చానల్‌ని మోసినందుకు రుసుము, కడుతున్నాయి. 2017లో టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ దీనికి పరిమితి పెట్టింది: మామూలు చానల్ అయితే ఒక్కో కనెక్షన్‌కి నెలకు 20 పైసలు, హెచ్‌డీ అయితే 40 పైసలు మించకూడదంది. పది లక్షల కనెక్షన్లున్న ఎంఎస్ఓకి ఒక్క మామూలు చానల్ నుంచే నెలకు 2 లక్షల దాకా రావచ్చన్నమాట. 2020లో ఒక చానల్‌కి నెలకు 4 లక్షలకు మించి తీసుకోవద్దని మరో గీత గీశారు.

2017 నిబంధనల్లో ఒక మెలిక పెట్టారు. చందాదారుల్లో 20 శాతం మందికి ఒక చానల్ చేరితే ఇక క్యారేజ్ ఫీజు అడగకూడదన్నారు. అందరికీ వెళ్లే బేసిక్ ప్యాక్‌లో పెడితే ఆ ఫీజు ఆగిపోవాలి కదా? దానికీ దారి ఉంది. ప్లేస్‌మెంట్ (చానల్‌ని ఎక్కడ పెట్టాలి), మార్కెటింగ్ (దానికి ఎలా ప్రచారం చేయాలి) ఒప్పందాలను ట్రాయ్ ఇరుపక్షాల ఇష్టానికే వదిలేసింది, కాబట్టి ఆ పేరుతో డబ్బు తీసుకోవచ్చు. ముందు తలుపు మూసి పెరటి తలుపు తెరిచి ఉంచినట్టుంది ఇది.

ల్యాండింగ్ పేజీ కూడా ఇలాంటి బేరమే. బాక్స్ ఆన్ చేయగానే మన ప్రమేయం లేకుండా ఒక చానల్ ప్రత్యక్షమవుతుంది చూడండి, ఆ చోటు అమ్ముడుపోయింది. రేటింగులు లెక్కించే చానళ్లను అక్కడ పెట్టొద్దని ట్రాయ్ 2018 డిసెంబర్‌లో ఆదేశిస్తే, మరుసటి ఏడాది టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ ఆ ఆదేశాన్ని కొట్టేసింది.

డబ్బుతో పాటు రాజకీయం కూడా ఉంది. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్‌లో రాకుండా పోయాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక కొన్ని న్యూస్ చానళ్లు మాయమైతే వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. రెండుసార్లూ ప్యాక్ డబ్బు కట్టిన ప్రేక్షకుడిని ఒక మాట అడిగిన నాథుడు లేడు.

పే చానళ్ల (విడిగా ధర ఉన్న చానళ్ల) బొకేల గురించి, అంటే వాటిని కట్టగా అమ్మడం గురించి, ఇప్పటికే చాలామంది రాశారు. ఒక్క విషయం చెబుతాను. విడివిడి ధరల మొత్తం మీద 45 శాతం దాకా తగ్గించి బొకే అమ్మడానికి అనుమతి ఉంది. రెండు చానళ్లు విడిగా కొనడం కంటే పది చానళ్ల కట్ట చవకగా పడేలా ధరలు వేస్తే, ఎంచుకునే హక్కు కాగితం మీదే మిగులుతుంది.

పైగా ఉచిత చానళ్లు కూడా మనకి ఊరికే రావడం లేదు. నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు పేరుతో కడుతూనే ఉన్నాం. మొదట 100 చానళ్లకు 130 రూపాయలు, పన్ను అదనం. 2020లో అదే డబ్బుకి 200 చానళ్లన్నారు. 2024లో ఆ ఫీజు మీద పరిమితినే ఎత్తేశారు. ఒకే చానల్‌ని మోసినందుకు అటు చానల్ దగ్గర, ఇటు మన దగ్గర తీసుకుంటున్నారు.

క్యారేజ్ ఫీజు రద్దు చేయమని నేను అనడం లేదు. అది లేకపోతే బిల్లు ఇంకా పెరుగుతుందని ఎంఎస్ఓలు అంటారు, నిజమే కావచ్చు. అయితే ఆ లెక్క మాకు చూపించాలి. ఏ చానల్ చట్టం వల్ల వస్తోంది, ఏది డబ్బు కట్టి వస్తోంది, ఏది మేం అడిగినందుకు వస్తోంది అన్నది చానల్ పేరు పక్కనే తెర మీద కనిపించేలా ట్రాయ్ నిబంధన పెట్టాలి. ప్లేస్‌మెంట్, ల్యాండింగ్ పేజీ ఒప్పందాలనూ ఇందులో చేర్చాలి, లేదంటే ఆ డబ్బంతా అటే మళ్లుతుంది. పే చానల్ ధర తెర మీద చూపించాలన్న నిబంధన ఇప్పటికే ఉంది కాబట్టి ఇంకో ముక్క చేర్చడానికి కొత్త బాక్సులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక కేబుల్ చందాదారు