సాహితీ విభాగం వార్షిక నివేదిక: హార్లెం కవిత, బ్రాంక్స్ పాట

సభ్యులందరికీ నమస్కారం.

న్యూజెర్సీలో ఉంటూ నది అవతల న్యూయార్క్‌లో ఉన్న హార్లెం, బ్రాంక్స్‌లను చదవకపోవడం పెద్ద లోటని కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. అందుకే ఈ ఏడాది నెలవారీ సభలన్నీ నల్లజాతి కవిత్వానికీ, దరువు మీద రాప్ మాటలు పలికే హిప్‌హాప్ సంగీతానికీ కేటాయించాం.

1920ల చుట్టూ సాగిన నల్లవారి సాహిత్య, కళా వికాసం హార్లెం పునరుజ్జీవనంతో మొదలుపెట్టాం. 1919లో అమెరికా నగరాల్లో నల్లవారిపై మూకదాడులు సాగుతున్నప్పుడు కవి క్లాడ్ మెకే ‘ఇఫ్ వి మస్ట్ డై’ కవిత ప్రకటించారు. తెల్లజాతివాళ్ల పద్నాలుగు పాదాల సానెట్‌లోనే తిరగబడమన్న పిలుపు అది. లాంగ్‌స్టన్ హ్యూస్ నల్లవారి బ్లూస్ పాటల నడకను కవిత్వంలోకి తెచ్చారు. 1927లో ఆయన రెండో సంపుటి రాగానే నల్లవారి పత్రికలే కొన్ని దుమ్మెత్తిపోశాయి, పేటల బతుకు బయటపెట్టి జాతి పరువు తీశాడని. 1993లో హార్లెం పాస్టర్ కాల్విన్ బట్స్ రాప్ రికార్డులకు వ్యతిరేకంగా వీధికెక్కినప్పుడు ఆ పాత వాదమే మళ్లీ వినిపించింది. ఆడవాళ్లను కించపరిచే పాటల విషయంలో మాత్రం ఆయన కోపం న్యాయమైనదే. ఆ ఏడాదే రాపర్ క్వీన్ లతీఫా ‘యూనిటీ’ పాటలో దానికి లోపలినుంచే గట్టిగా బదులిచ్చారు.

ఎక్కువ చర్చ నడిచింది 1960ల నాటి నల్లవారి కళా ఉద్యమం బ్లాక్ ఆర్ట్స్ మీద. 1965లో నల్లవారి నాయకుడు మాల్కం ఎక్స్ హత్య తర్వాత కవి అమీరి బరాకా హార్లెంలో నాటకశాల, బడి కలిపి తెరిచారు. అదే ఏడాది డెట్రాయిట్‌లో డడ్లీ రాండల్ అనే లైబ్రేరియన్ బ్రాడ్‌సైడ్ ప్రెస్ పెట్టి, ఒక్కో కవితను ఒక్కో కాగితం మీద అచ్చేసి చవగ్గా అమ్మారు. హైదరాబాదులో దిగంబర కవులు తొలి సంపుటిని రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసిందీ 1965లోనేనని ఒక పెద్దాయన గుర్తుచేశారు. రెంటికీ ముడిపెట్టడం మా ఉద్దేశం కాదు. కవిత ఎవరి చేతికి చేరాలన్న పట్టుదల మాత్రం ఇద్దరిదీ ఒకటే.

నా దృష్టిలో హిప్‌హాప్‌కు అసలు చుట్టరికం ఇక్కడుంది. 1968 మే 19న, మాల్కం పుట్టినరోజున, హార్లెం పార్కులో లాస్ట్ పోయెట్స్ అనే బృందం డోళ్ల దరువు మీద కవిత చెప్పారు. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ రికార్డులు తిప్పి హిప్‌హాప్‌కు నాంది పలికింది నిరసన కోసం కాదు, చెల్లెలు సిండీ బడి బట్టల డబ్బు కోసం పెట్టిన పార్టీలో. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం పాట ‘ది మెసేజ్’ వచ్చేసరికి ఆ దరువు మీదికి వీధి గోడు ఎక్కింది. రికార్డు కంపెనీలు పట్టించుకోకముందు ఈ సంగీతం క్యాసెట్ల మీద చేతులు మారింది. రాండల్ కాగితాలు చేసిన పని అదే.

నల్లవారి చరిత్రను భద్రపరిచే హార్లెం గ్రంథాలయం షోంబర్గ్ సెంటర్‌కు యాత్ర కూడా వేశాం. అక్కడి నేల కిందే హ్యూస్ అస్థికలు ఉన్నాయి. రాపర్ కెండ్రిక్ లమార్ మీద సభను మన హైస్కూలు పిల్లలే నడిపారు. 2015 నుంచి ఆయన పాట ‘ఆల్‌రైట్’ నిరసన ఊరేగింపుల్లో నినాదమైన తీరు, 2018లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చిన సంగతి వాళ్లు చెబుతుంటే తాతయ్యలు నోట్సు రాసుకున్నారు.

ఖర్చులు చందాల్లోనే సరిపోయాయి. లెక్కలు కోశాధికారి సభలో చదువుతారు. వచ్చే ఏడాది నల్లజాతి కవయిత్రి గ్వెండలిన్ బ్రూక్స్‌తో మొదలుపెడదామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఆమె కవితలు తెనిగించే ఆసక్తి ఉన్నవాళ్లు పేర్లివ్వండి.

— కార్యదర్శి