బుజ్జి అడిగిన కవలల లెక్క

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. మెట్లెక్కొద్దంటే వినదు, ఎక్కుతూనే ఉంది. నీ దగ్గర్నుంచి కబురు లేక చాలా రోజులైంది. పని ఒత్తిడి అయ్యుంటుందిలే అని ఆవిడకి నేను చెబుతున్నాను, నాకు ఆవిడ చెబుతోంది. మొన్న పెద్దత్త ఫోన్ చేసి, నువ్వు పరిశోధన మానేస్తున్నావని ఎవరో అన్నారంది. ఎవరన్నారంటే చెప్పదు. బాబాయి ఉద్యోగం అప్పుడూ ఇంతే కదా. నేను పట్టించుకోలేదు. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

బుజ్జి గురించి. సెలవులకి వచ్చినవాడు నీ పుస్తకాల అల్మరా తెరిచి, ఒకడు ఇంటి దగ్గరుండి ఇంకొకడు రాకెట్లో వెళ్లొచ్చే కవలల సంగతి చదివి నా మీద పడ్డాడు. "తాతయ్యా, కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందన్నావు. రాకెట్లో ఉన్నవాడికి భూమే కదులుతున్నట్టు కనబడుతుంది కదా. మరి ఇద్దర్లో ముసలాడయ్యేది ఎవరు?" వాడి వయసులో నువ్వూ ఇదే అడిగావు, జవాబు వచ్చేదాకా నన్ను నిద్రపోనివ్వలేదు.

వాడికి మొదట పునాది చెప్పాను. సమవేగంతో తిన్నగా వెళ్తున్నవాళ్లందరికీ ప్రకృతి నియమాలు ఒకటే. శూన్యంలో కాంతి వేగం అందరికీ ఒకటే, సెకనుకి 2,99,792 కిలోమీటర్ల పైచిలుకు. దీపం మనవైపు పరిగెత్తుకొస్తున్నా, దూరంగా పారిపోతున్నా ఆ అంకె మారదు. భూమి కదలిక వల్ల కాంతి వేగంలో తేడా కనబడుతుందేమోనని 1887లో మైకెల్సన్, మోర్లీ ఎంత జాగ్రత్తగా వెతికినా దొరకలేదు. వేగం మారనంటే మారేది దూరమూ కాలమూ అవ్వాలి. ఐన్‌స్టైన్ 1905లో ఆ మాట ఒప్పుకుని చివరిదాకా నడిచాడు, అదే సాపేక్ష సిద్ధాంతం. లెక్క పెద్ద కష్టం కాదు, హైస్కూలు ఆల్జీబ్రా చాలు. ఒప్పుకోవడమే కష్టం.

తర్వాత మ్యూఆన్ల కథ చెప్పాను. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వాతావరణంలో చాలా ఎత్తున పుట్టి కిందికి దూసుకొచ్చే ఈ కణాల సగటు ఆయుష్షు సెకనుని 10 లక్షల ముక్కలు చేస్తే అందులో రెండే రెండు ముక్కలు, పైన కొంచెం. ఆ కాస్తలో కాంతి అయినా ముప్పావు కిలోమీటరు వెళ్లదు. 1963లో ఫ్రిష్, స్మిత్ అనే ఇద్దరు అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ అనే కొండమీద కూర్చుని వీటిని లెక్కపెట్టారు. పైన గంటకి సుమారు 560 వచ్చాయి. అక్కణ్ణుంచి సముద్ర మట్టానికి 1,900 మీటర్లు. దిగేలోపు చచ్చేవి చావగా సుమారు 30 మిగలాలి. కింద లెక్కపెడితే 400 దాటాయి! కాంతి వేగంలో 99.5 శాతంతో వస్తున్నాయి కాబట్టి మన లెక్కలో వాటి గడియారం పది రెట్లు దాకా నిదానించింది. మ్యూఆన్ వైపు నుంచి చూస్తే దాని గడియారానికేమీ కాలేదు, కొండే కుదించుకుపోయి 200 మీటర్లకి వచ్చింది. రెండు వైపుల నుంచీ కింద చేరిన కణాల సంఖ్య మాత్రం ఒక్కటే.

ఇక్కడే నీకొక మాట చెప్పాలి, ఉపన్యాసం అనుకోకు. ఆ మధ్య నువ్వు విసుగ్గా ఉన్నప్పుడు "అంతా సాపేక్షమే నాన్నా, ఎవరి కోణం వాళ్లది" అన్నావు. భౌతికశాస్త్రం చదివినదానివి, నువ్వు అనకూడని మాట అది. ఆ సిద్ధాంతం నిలబడిందే మారనివాటి మీద. కాంతి వేగం మారదు. రెండు సంఘటనల మధ్య దూరాన్నీ కాలాన్నీ కలిపి కట్టిన అంతరం మారదు. కారణం ఎవరికైనా ముందే, ఫలితం ఎవరికైనా తర్వాతే. ఏ రాకెట్టెక్కినా దాన్ని తిరగెయ్యలేవు. అందుకని ఎవరో ఏదో అన్నారంటే దాని వెనక ఒక కారణం ఉండే ఉంటుంది. ఏం జరిగింది తల్లీ? ప్రయోగం దెబ్బతిందా? గైడుతో మాటామాటా వచ్చిందా?

సరే, పెద్దత్త మాట పట్టించుకోలేదని చెప్పాను కదా. మళ్లీ బుజ్జి దగ్గరికొస్తాను.

వాడికి అన్నిటికంటే మింగుడుపడనిది 'ఒకేసారి' అనే మాట. రైలుకి రెండు కొసల్లో పిడుగులు పడ్డాయనుకో. గట్టుమీద సరిగ్గా మధ్యన నిలబడ్డవాడికి రెండు మెరుపులూ ఒక్కసారే చేరాయి. రైలు మధ్యలో కూర్చున్నావిడ ముందుకి పోతోంది కాబట్టి ఇంజను వైపు మెరుపు ఆవిడకి ముందే ఎదురొస్తుంది. ఇంతవరకూ వింతేమీ లేదు. కానీ ఆవిడకీ రెండు మెరుపుల వేగమూ ఒకటే, రెండు కొసలూ సమాన దూరమే. కాబట్టి ఇంజను వైపు పిడుగే నిజంగా ముందు పడిందని ఆవిడ లెక్క. ఇద్దరిదీ తప్పు కాదు. దూరంగా ఉన్నవాళ్లందరికీ చెల్లే ఒకే 'ఇప్పుడు' విశ్వంలో ఎక్కడా లేదు. "అయితే ఇప్పుడు అత్త ఏం చేస్తోందని అడగడం తప్పా?" అన్నాడు వాడు. తప్పు కాదురా, భూమ్మీద ఈ కొస నుంచి ఆ కొసకి కాంతి చేరడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు అన్నాను. మీ అమ్మ పక్కనే ఉండి విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

రాత్రి ఆలస్యంగా పడుకోవడం మానలేదు కదా? వేళకి తినకపోతే నీకు తలనొప్పి వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే.

ఐన్‌స్టైన్ గురించి అందరూ చెప్పే కథలు నీకు తెలుసు. వాళ్ల నాన్న హెర్మన్ గురించి తెలుసో లేదో. 1900లో చదువు పూర్తయ్యాక కొడుక్కి ఎక్కడా ఉద్యోగం రాలేదు. ప్రొఫెసర్లకి రాసుకుంటూ పోయాడు, లైప్‌జిగ్‌లో ఆస్ట్‌వాల్డ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్తకి కూడా రాశాడు. జవాబు లేదు. 1901 ఏప్రిల్‌లో హెర్మన్ కొడుక్కి చెప్పకుండా తనే ఆ ఆస్ట్‌వాల్డ్‌కి ఉత్తరం రాశాడు. ఆయన ఆ విద్యావంతుల లోకంలోవాడు కాదు, వ్యాపారంలో దెబ్బతిన్న మామూలు మనిషి. ఒక తండ్రి సాహసాన్ని మన్నించమన్నాడు. మా అబ్బాయి దిగులుగా ఉన్నాడు, దారి తప్పానని కుమిలిపోతున్నాడు, అంతంత మాత్రం సంసారానికి బరువయ్యానని బాధపడుతున్నాడు అని రాశాడు. వాడి వ్యాసం చదివి రెండు ముక్కలు ప్రోత్సాహంగా రాస్తే వాడికి మళ్లీ బతుకు మీద, పని మీద ఉత్సాహం వస్తుందన్నాడు. ఈ ఉత్తరం సంగతి వాడికి తెలీదనీ చెప్పాడు. జవాబు వచ్చినట్టు దాఖలా లేదు. 1902 జూన్‌లో కొడుక్కి బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. అదే అక్టోబరులో తండ్రి పోయాడు. మూడేళ్ల తర్వాత ఆ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూనే కొడుకు రాసిన వ్యాసాలు ఆయన చూడలేదు. ఇంకో సంగతి విను. 1910 నోబెల్ బహుమతికి ఐన్‌స్టైన్ పేరుని అందరికంటే ముందు ప్రతిపాదించింది ఆ ఆస్ట్‌వాల్డే.

హెర్మన్ రాసిన ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. నేనూ మీ గైడుకి రాద్దామనుకున్నాను. అమ్మ వద్దంది, "దానికి తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది, రాస్తే దానికే రాయండి" అంది. అందుకే రాస్తున్నాను.

ఐన్‌స్టైన్ కూడా ఆ కాంతి వేగం చిక్కుముడి ఒంటరిగా విప్పలేదమ్మా. 1905 మేలో ఇక నావల్ల కాదనుకుంటూ బెస్సో అనే స్నేహితుడి దగ్గర కూర్చుని తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. కాలం గురించిన అసలు కిటుకు ఆ మాటల తర్వాతే తట్టింది, మర్నాడే వెళ్లి థాంక్స్ చెప్పాడు. సాపేక్షత మీద రాసిన ఆ వ్యాసం చివర కృతజ్ఞత చెప్పింది బెస్సో ఒక్కడికే. నువ్వు మానెయ్యాలనుకుంటే మానెయ్యి, ఆ నిర్ణయం నీది. నీ తోటివాళ్లు ఎంత ముందుకెళ్లారో చూసి మాత్రం మానకు. ఎవరితోనైనా నోరు విప్పి మాట్లాడి తర్వాత మానెయ్యి. మాతోనే మాట్లాడాలని నేననడం లేదు. మాతో అయితే మాకు నిద్రపడుతుంది, అంతే.

ఇక బుజ్జి లెక్క. 4 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రానికి కాంతి వేగంలో 80 శాతంతో వెళ్లి రావాలి. భూమ్మీద 10 ఏళ్లు, రాకెట్లో 6 ఏళ్లు. ఇంటి దగ్గరున్నవాడే నాలుగేళ్లు పెద్దవాడు. కారణం, వెళ్లినవాడు మధ్యలో వెనక్కి తిరిగాడు, ఉన్నవాడు తిరగలేదు, కాబట్టి ఇద్దరి ప్రయాణాలూ ఒకేలాంటివి కావు అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "రాకెట్ తిరగకుండా అలాగే పోయి, ఎదురొచ్చే ఇంకో రాకెట్ గడియారానికి తన టైము అప్పగిస్తే? అప్పుడు ఎవరూ తిరగలేదు కదా!" అన్నాడు. అప్పుడూ లెక్క 6 ఏళ్లే వస్తుంది, మూడు మూడు చొప్పున. ఎందుకో నాకు తెలుసు, చెప్పబోయాను కూడా. "అత్త చెబితేనే వింటా" అని కూర్చున్నాడు. వాడు ఆదివారం దాకా ఇక్కడే ఉంటాడు. ఈలోపు ఫోన్ చేసి వాడికి నువ్వే చెప్పు. తర్వాత ఫోన్ అమ్మకివ్వమను.

మీ నాన్న

తా.క.: కళ్లజోడు పవరు చూపించుకుని ఎన్నాళ్లైంది? పాత దాంతో రాత్రిళ్లు స్క్రీను చూడకు.