వరద మ్యాపుకు ఊరంతా ఒకే రంగులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లారేసరికి మా సందులో మోకాలి లోతు నీళ్లు. మధ్యాహ్నానికి నడుం దాటాయి. బుడమేరు వాగుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయన్న సంగతి మాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి బియ్యం డబ్బా, మా అత్తగారి మందుల సంచి పట్టుకుని పై వాటా వాళ్లింటికి ఎక్కాం. నేను విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నాను. మున్సిపల్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఆ వారం గురించి మీ పత్రికలో చాలా వచ్చింది. నేను రాస్తున్నది అందులో ఒక్క చిన్న విషయం గురించే: మ్యాపు మీద రంగులు.

మూడో రోజున హైదరాబాదు నుంచి మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు. మా ప్రాంతంలో సాయం దొరికే చోట్లన్నీ ఎవరో మ్యాపులో గుర్తు పెట్టారు. పెట్టిన వాళ్లది మంచి మనసు, అందులో అనుమానం లేదు. తెరిచి చూస్తే అరవై దాకా గుర్తులున్నాయి. అన్నీ ఎరుపే. ఏది డాక్టరు ఉన్న చోటు, ఏది పడవ వచ్చే చోటు, ఏది పులిహోర పొట్లాలు ఇచ్చే చోటు? ఒక్కొక్కటీ నొక్కి చదివితే తప్ప తెలియదు. కరెంటు లేదు. నా ఫోనులో చార్జింగ్ 18 శాతం ఉంది. సిగ్నల్ వస్తే వస్తోంది, లేకపోతే లేదు. అత్తగారి ఇన్సులిన్ అయిపోవచ్చింది. పై వాటా వాళ్లబ్బాయి మాకు దగ్గరగా కనిపించిన ఎర్ర గుర్తు మెడికల్ క్యాంపు అనుకుని నడుం లోతు నీళ్లలో వెళ్లాడు. తీరా చూస్తే అది మంచినీళ్ల ట్యాంకరు ఆగిన చోటట. ఆ ట్యాంకరు కూడా ముందు రోజే వెళ్లిపోయింది. వాడు తిరిగి వచ్చేదాకా గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా వాడి తల్లి డాబా పిట్టగోడ పట్టుకుని నిలబడే ఉంది. ఆమె మొహం చూడలేక నేను లోపలికి వెళ్లి కూర్చున్నాను. మర్నాడు పడవలో వచ్చిన నర్సమ్మ దగ్గర ఇన్సులిన్ దొరికింది.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు పటాలు చెప్పినదాన్ని. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటులో, అంటే నేల స్వరూపం చూపే పటంలో, నీళ్లు నీలం, అడవి ఆకుపచ్చ, సాగుభూమి పసుపు, ఊళ్లూ రోడ్లూ ఎరుపు, ఎత్తుపల్లాల గీతలు గోధుమ రంగు. విజయవాడ షీటు అయినా అస్సాం షీటు అయినా అవే రంగులు. ఒకసారి నేర్చుకున్న పిల్లవాడికి ఇంకెప్పుడూ చెప్పక్కర్లేదు. వాతావరణ శాఖ వాళ్లవీ నాలుగే రంగులు: ఆకుపచ్చ, పసుపు, ఆరెంజ్, రెడ్. రెడ్ అలర్ట్ అని టీవీలో వినగానే మా వీధిలో చదువురాని ముసలమ్మ కూడా బట్టలు లోపల వేసుకుంటుంది. దేశమంతా ఆ రంగుకు ఒకటే అర్థం కాబట్టే ఆమెకు తెలుస్తోంది. వరదొచ్చినప్పుడు మన ఫోన్లకొచ్చే మ్యాపులకు మాత్రం ఆ కట్టుబాటు లేదు. ఒకరు ఎరుపుతో ఆసుపత్రి చూపిస్తే ఇంకొకరు అదే ఎరుపుతో మునిగిన వీధి చూపిస్తారు.

అందుకే ఈ వేసవి సెలవుల్లో మా పక్కింటి పిల్లలు ముగ్గురిని కూర్చోబెట్టుకుని మా వీధులకు సొంతంగా మ్యాపు చేశాను. గూగుల్ మై మ్యాప్స్ ఉచితమే. కంప్యూటర్లో చేసుకోవాలి, ఫోనులో చూడటం వరకే బాగుంటుంది. ఒక మ్యాపులో పది లేయర్లు (పొరలు), ఒక్కో లేయరులో 2,000 గుర్తుల దాకా పెట్టుకోవచ్చు, ఒక వార్డుకు అది ఎక్కువే. ముందు ఎక్సెల్‌లో పట్టిక రాసుకున్నాం: పేరు, చోటు, రకం, చూసి వచ్చిన తేదీ. దాన్ని ఎక్కించి, ‘రకం’ అనే కాలమ్‌ను బట్టి రంగులు వేయమంటే అదే వేస్తుంది. అక్కడే మొదటి తప్పు బయటపడింది. ఒక పిల్లవాడు ‘మందుల షాపు’ అనీ ఇంకొకడు ‘మెడికల్ షాపు’ అనీ రాశారు. రెండూ వేరు వేరు రంగుల్లో వచ్చాయి. మనిషికి ఒకటే అని తెలుస్తుంది, కంప్యూటరుకు మాట మారితే రకం మారినట్టే. రకాల పేర్లు ముందే ఖాయం చేసుకుని, అందరూ ఆ మాటే రాయాలి. ఇది చిన్న పని అనిపిస్తుంది గానీ, పది మంది కలిసి చేసేటప్పుడు మ్యాపు పాడయ్యేది ఇక్కడే.

మొదట పద్నాలుగు రంగులు పెట్టాం. గుడికొకటి, బడికొకటి, బ్యాంకుకొకటి. చూస్తే కళ్లు చెదిరాయి తప్ప ఏమీ అర్థం కాలేదు. నీళ్లలో చిక్కుకున్న మనిషికి అది ఏ ఆఫీసో, ఏ శాఖదో అక్కర్లేదు. తనకు అక్కడ ఏం దొరుకుతుందో కావాలి. స్కూలు, కళ్యాణమండపం, చర్చి ఏదైనా సరే, రెండంతస్తులు ఉండి తలదాచుకునే వీలుంటే ఆకుపచ్చ. మంచినీళ్లు నీలం. ఎరుపు ఒక్క వైద్యానికే, ఇంకదేనికీ వాడకూడదని పిల్లల చేత ఒట్టు పెట్టించుకున్నాను. పడవ, ట్రాక్టరు వచ్చి ఆగగలిగే చోటు నారింజ. మూతలు లేని మ్యాన్‌హోళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, లోతు కాలవలు నలుపు. అంతే, ఐదు. అన్నానికి రంగు లేదేమిటని మూడో తరగతి పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. కానీ పొట్లాలు పంచే చోటు పూటపూటకీ మారిపోయింది, పడవ ఎక్కడ ఆగితే అన్నం అక్కడే దిగింది. అందుకని నారింజ గుర్తు దగ్గరకే వెళ్లమని చెప్పాం. పేర్లు కూడా మనం పిలిచే పేర్లే రాశాం. ‘పైపుల రోడ్డు మలుపు’ అంటే ఎవరైనా వస్తారు. అక్షాంశ రేఖాంశాలు చెబితే ఎవరు వస్తారు?

మన రాష్ట్రంలో రంగు అనగానే పార్టీ గుర్తుకొస్తుంది. 2020లో పంచాయతీ కార్యాలయాల రంగుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ మ్యాపుకు అలాంటి గతి పట్టకూడదు. అధికారంలో ఎవరున్నా ఇవే రంగులు ఉండాలి, మారిస్తే జనానికి మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వస్తుంది.

రంగు ఒక్కటే చాలదని మాకు చెప్పింది మా వీధి ఆటో అతను. మ్యాపు చూపిస్తే, "టీచర్ గారూ, నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా ఉంటాయండీ" అన్నాడు. సిగ్నల్ దగ్గర ఎలా అని అడిగితే, పై లైటా కింది లైటా చూసుకుని ఆగుతాడట. పుట్టుకతో వచ్చే ఈ ఇబ్బంది ఆడవాళ్లలో కన్నా మగవాళ్లలో బాగా ఎక్కువ. మరి నడుం లోతు నీళ్లలో వెళ్లేదీ ఎక్కువగా మగవాళ్లే. అప్పుడు ఒక్కో రంగుకు ఒక్కో బొమ్మ కూడా పెట్టాం: వైద్యానికి ప్లస్ గుర్తు, నీళ్లకు బొట్టు, పడవకు పడవ. దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. నెట్ పోతే ఫోనులో మ్యాపు రాదు కాబట్టి ప్రింటు తీసి మెట్ల దగ్గర, రామాలయం గోడకు, చర్చి గేటుకు అంటించాలనుకున్నాం. కలర్ ప్రింటు ఖరీదని జిరాక్స్ తీయిస్తే ఐదు రంగులూ బూడిద రంగే అయ్యాయి. బొమ్మలు మాత్రం కనిపించాయి.

ఒక్క హెచ్చరిక. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లు, డయాలసిస్ వాళ్ల ఇళ్లు కూడా గుర్తు పెడదామని కొందరు అన్నారు. పెట్టాలి, కానీ ఈ మ్యాపులో కాదు. లింకు పంపితే మొత్తం మ్యాపు వెళ్లిపోతుంది, ఒక్క లేయరు దాచి మిగతాది పంచడం కుదరదు. ఒంటరి వాళ్ల ఇళ్లు దొంగలకు చూపించినట్టవుతుంది. దానికి విడిగా ఇంకో మ్యాపు చేసి వార్డు సచివాలయం వాళ్లకూ, వీధిలో నమ్మకమైన ఇద్దరికీ మాత్రమే ఇవ్వాలి.

నగరపాలక సంస్థ వారిని నేను అడిగేది ఇంతే. బుడమేరు వైపు సింగ్‌నగర్, వాంబే కాలనీల నుంచి కృష్ణ ఒడ్డున కృష్ణలంక దాకా అన్ని వార్డులకూ ఒకే ఐదు రంగులు, ఒకే ఐదు బొమ్మలు ఖాయం చేసి ప్రకటించండి. మావే ఉండాలని పట్టుదల లేదు, మీరు ఆలోచించి మంచివి పెట్టండి. ప్రతి గుర్తు పక్కనా చూసి వచ్చిన తేదీ ఉండాలి. రెండేళ్ల కిందటి మందుల షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు అయి ఉండొచ్చు. ఇదంతా వానాకాలం ముందే జరగాలి. నీళ్లొచ్చాక ఎవరూ చేయలేరు.

మీ పత్రికకూ ఒక మనవి. ఆ రంగుల పట్టీ ఖాయమైన రోజున దాన్ని జిల్లా ఎడిషన్‌లో కత్తిరించి దాచుకునేలా వేయండి. ఫోను లేని వాళ్లు మా వీధిలో ఇంకా ఉన్నారు, పేపరు మాత్రం అందరికీ అందుతుంది. మా పట్టిక, మ్యాపు ఏ వార్డు వాళ్లు అడిగినా ఇస్తాను. ప్రస్తుతానికి మాకు 83 గుర్తులయ్యాయి. పైపుల రోడ్డుకు అవతల నాలుగు వీధులు మిగిలాయి, ఎండ తగ్గాక సాయంత్రాలు పిల్లలతో వెళ్లి చూస్తున్నాం.

ఇట్లు
ఒక విశ్రాంత సోషల్ టీచరు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ