తోబుట్టువు పంపిన నోటీసుకు కోపంతో జవాబు రాయించకండి

సంపాదకులకు నమస్కారం.

పిత్రార్జితంలో ఆడపిల్లకు పుట్టుకతోనే వాటా ఉందని, హిందూ వారసత్వ చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాటా అడుగుతూ అక్కాచెల్లెళ్లు పంపే లాయరు నోటీసులు ఇవాళ మన ఊళ్లలో వింత కాదు. అందుకున్న అన్నదమ్ముల్లో కొందరు కవరు ముట్టుకోకుండా పోస్ట్‌మ్యాన్‌ని పంపేస్తారు. మరికొందరు ఆ కోపంలోనే నాలుగు పేజీల జవాబు రాయిస్తారు. రెండింటిలోనూ నష్టపోయేది వాళ్లే.

సరైన చిరునామాకు రిజిస్టరు చేసి పంపిన కవరును తీసుకోకపోయినా అందినట్టే కోర్టు భావిస్తుంది. కాబట్టి సంతకం పెట్టి తీసుకోండి. తపాలా ముద్ర ఉన్న కవరును కూడా దాచండి. అందులోని 7 రోజులో, 15 రోజులో గడువు అవతలి లాయరు పెట్టిందే, చట్టం పెట్టింది కాదు. జవాబివ్వనంత మాత్రాన వాటా రాసిచ్చినట్టు కాదు గానీ, ‘అప్పుడే ఎందుకు కాదనలేదు’ అన్న ప్రశ్న కోర్టులో అవతలి లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదురవుతుంది. కాగితాలు తీయడానికి సమయం పడితే ఆ మాటే చెబుతూ రెండు వాక్యాల జవాబు ముందు పంపించవచ్చు. కోర్టు సమన్లు మాత్రం వేరు. అవి అందాక 30 రోజుల్లో మీ వాదన చెప్పే రిటన్ స్టేట్‌మెంట్ వేయాలి. కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా వెళ్లవచ్చు. సమన్లనూ నోటీసే అనుకుని అటక మీద పడేస్తే మీ వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది.

జవాబుకు కూర్చునే ముందు ఆస్తి మీది రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ, సాగు వివరాల పహాణీ లేదా అడంగల్, పాత దస్తావేజుల నకళ్లు, తండ్రి మరణ ధ్రువపత్రం తెచ్చుకోండి. నోటీసులోని సర్వే నంబర్లు, హద్దులు, విస్తీర్ణం ఒక్కొక్కటే సరిచూడండి. ఆంధ్రలో రీసర్వే అయిన గ్రామాల్లో నంబర్లే మారాయి. ఎప్పుడో అమ్మేసిన పొలం కూడా నోటీసులో చేరుతుంటుంది. ఏ పేరాను ఒప్పుకుంటున్నారో, దేన్ని కాదంటున్నారో విడివిడిగా రాయాలి. ఆ జవాబులో ఒప్పుకున్న మాట తర్వాత మీ మీదకే సాక్ష్యంగా వస్తుంది.

అసలు ప్రమాదమంతా కొన్ని అలవాటు వాక్యాల్లో ఉంది. ‘పెళ్లికి ఇంత కట్నం ఇచ్చాం, ఇక వాటా లేదు’ అన్నది మొదటిది. కట్నం ఇచ్చినందువల్ల హక్కు పోదు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ నేరమే కనుక, ఆ వాక్యం నేరాన్ని రాతపూర్వకంగా ఒప్పుకోవడం. ‘అది నాన్న స్వార్జితం’ అన్న వాదన కూడా ఒక్కటే చాలదు. హిందూ తండ్రి వీలునామా రాయకుండా పోతే స్వార్జితంలోనూ భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికుంటే ఆయన తల్లి సమాన వాటాదారులే. వీలునామా ఉంటే ఆ మాట ఈ జవాబులోనే చెప్పాలి. దావా పడ్డాక తొలిసారి బయటపెడితే అనుమానించే అవకాశం అవతలివాళ్లకు మనమే ఇచ్చినట్టవుతుంది. పాసుపుస్తకం నా పేరునే ఉందనడమూ అంతే. రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన హక్కు పుట్టదు.

పెద్దమనుషుల ముందు తెల్ల కాగితం మీద రాసుకున్న పంపకాల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. ఆ కాగితంతోనే పంచుకున్నామంటే దానికి స్టాంపు, రిజిస్ట్రేషన్ ఉండాలి. ముందే నోటిమాటగా పంచుకుని, గుర్తుకోసం తర్వాత రాసుకున్నదైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఏది నిజమో అదే, తేదీలతో రాయాలి. నోటిమాట పంపకాన్ని ఆడపిల్లల మీద వాడాలంటే ప్రభుత్వ రికార్డుల బలం కావాలని 2020 తీర్పే చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాన్ని 2005 సవరణ కదపదు. అలాంటిది ఉంటే దాని నంబరు, సంవత్సరం జవాబు మొదట్లోనే పెట్టించండి. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు అప్పుడే ఈ హక్కు వచ్చింది. కనుక ఆ తర్వాతి పంపకమైతే ఆమె పెళ్లి తేదీ కూడా చూడాలి. దీన్ని మరచిపోయి రాసిన జవాబులు చాలా ఉంటాయి.

దావా పడగానే ఏకపక్షంగా ఇంజంక్షన్ (కోర్టు నిలుపుదల ఉత్తర్వు) వస్తుందన్న భయముంటే, మన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కోరే కేవియట్ వేసుకోవచ్చు. అది 90 రోజులే పనిచేస్తుంది. నోటీసు పంపిన ఆడబిడ్డలకూ ఒక మాట. నోటీసు వల్ల అమ్మకాలు ఆగవు. దావా వేశాకే, ఆ తర్వాత కొన్నవాళ్లకు కోర్టు తీర్పు వర్తిస్తుంది.

ఈ నోటీసుల్లో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లో వస్తున్నాయి. చదవలేనివాళ్లు ఊళ్లో ఎవరో చెప్పిన అర్థాన్ని నమ్మి అన్నాచెల్లెళ్ల బంధమే తెంచుకుంటున్నారు. తెలుగులో నోటీసు రాయడానికి ఏ చట్టమూ అడ్డు కాదు, న్యాయవాదులు ఈ ఒక్క పని మొదలుపెట్టాలి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ నంబరు 15100. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. నోటీసు పట్టుకుని వచ్చినవాళ్లకు దాన్ని తెలుగులో చదివి వినిపించి, జవాబుకు ముందే ఈ దారి చూపించేలా మండల న్యాయ సేవల కమిటీలు వారానికి ఒక రోజు కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఓ సివిల్ న్యాయవాది, నల్గొండ