వెల కట్టే ముందు కాగితం వెనకవైపు చూడాలి

సంపాదకులకు,

ఐరోపాలో ఎక్కడో పాత ఇంట్లో పదహారో శతాబ్దపు గీతచిత్రం బయటపడిందనగానే మన పత్రికలు వేలం ధరనే శీర్షిక చేస్తున్నాయి. ఆ ధర దేనిమీద నిలబడిందో మాత్రం రాయడం లేదు. కాగితపు కళాఖండాల పరిరక్షణ పని తెలిసినవాడిగా కొంత చెప్పదలిచాను.

మానరిస్టు (పదహారో శతాబ్దపు ఇటలీలో పుట్టిన శైలి) చిత్రకారులు న్యాయం, కాలం వంటి భావాలకు మనిషి రూపమిచ్చి గీసేవారు. 1543లో ఇటలీ చిత్రకారుడు వసారి, క్యాథలిక్ మతాధికారి కార్డినల్ అలెస్సాండ్రో ఫర్నేసే కోసం చిత్రించిన న్యాయదేవత నిప్పుకోడి మెడ చుట్టూ చేయి వేసి ఉంటుంది. ఆ పక్షి ఈకలన్నీ ఒకే పొడవుంటాయని, అందుకే అది అందరినీ సమానంగా చూసే న్యాయానికి గుర్తనీ ఉన్న పాత నమ్మకం దీని వెనక ఉంది. ఈ సంకేతం తెలియక ‘పక్షితో స్త్రీ’ అని నమోదు చేస్తే, చేతిలోని గీతచిత్రం ఏ పెద్ద చిత్రానికి ముసాయిదాయో తెలుసుకునే దారే మూసుకుపోతుంది.

తర్వాత చూడవలసింది వెనకవైపు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కనిపించే వాటర్‌మార్కును (కాగితం తయారీలోనే పడే గుర్తు) బ్రికే అనే పరిశోధకుడి 1907 నాటి వాటర్‌మార్కుల సంకలనంతోనూ, మూలనున్న సంగ్రాహకుల ముద్రను లుగ్ట్ అనే పండితుడి 1921 నాటి ముద్రల పట్టికతోనూ పోల్చాలి. అయితే కాగితం పాతదైనంత మాత్రాన గీత పాతది కాదు. ఇరవయ్యో శతాబ్దపు నకిలీ చిత్రాల ఆంగ్లేయుడు ఎరిక్ హెబార్న్ పాత ఖాళీ కాగితాలపైనే నకిలీలు గీసి పెద్ద పెద్ద నిపుణులను బోల్తా కొట్టించాడు. పాత అట్టను కూడా తొందరపడి ఊడదీయకూడదు. వసారి తాను సేకరించిన గీతచిత్రాలను అట్టలపై అతికించి చుట్టూ స్వయంగా చట్రాలు గీశాడు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలోని అలాంటి పుటలో ఆ చట్రమే చరిత్రకు సాక్ష్యం.

అసలు ప్రమాదం సిరాతోనే. మన అమ్మమ్మలు పసిపిల్లల మందుకు అరగదీసే మాచికాయ కషాయంలోనే అన్నభేది (ఇనుప లవణం) కలిపి అప్పటి నల్ల సిరా చేసేవారు. అందులోని ఆమ్లమూ మిగులు ఇనుమూ కలిసి కాగితపు నారను తినేస్తాయి. సిరా దట్టంగా పడినచోట ముందు గోధుమరంగు తిరిగి, తర్వాత పగిలి, చివరకు కత్తితో కోసినట్టు గీత మేర కాగితం రాలిపోతుంది. మరకలు పోతాయని నీళ్లలో ముంచితే ఆ ఇనుము చుట్టుపక్కలకూ పాకుతుంది. ఇనుమును బంధించే కాల్షియం ఫైటేట్ చికిత్స ఉన్నా, ప్రతి చిత్రమూ దానికి తట్టుకోలేదు. అనుభవమున్నవారు ముందు పరీక్షించి, చాలాసార్లు పలచని జపాన్ కాగితపు అతుకుతో సరిపెడతారు. ప్రదర్శనలో వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలమానం) మించనివ్వరు. పాత దస్తావేజులను లామినేషన్ చేయించి భద్రమయ్యాయనుకునే మనకు ఈ జాగ్రత్త చాదస్తంగా తోచవచ్చు.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు సిరా స్థితి, వెనకవైపు గుర్తులు, గతంలో జరిగిన మరమ్మతుల గురించి రెండు వాక్యాలైనా చేర్చవలసిందిగా మనవి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్